సీసాల్లో కొండ

హుకుంపేట,
3 మార్చి 2025

నీలవేణీ,

నేను కళని వెక్కిరించానని రాశావు. వెక్కిరించలేదు. మీ దొరసాని నీళ్ళు లేని కార్ల పార్కింగులో మూడు రోజులు పడవ నడిపితే ఆ కూలి ఎవరిచ్చారని అడిగాను. వెక్కిరిస్తే వెటకారం, అడిగితే ప్రశ్న. ఆశ్రమ పాఠశాలకి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైనదాన్ని, ఆ రెండింటికీ తేడా నాకు తెలుసు. నేను వెటకారం చేసిన రోజున నీకూ తెలుస్తుంది.

మీ దొరసాని గురించి నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. మూతపడ్డ బట్టల కొట్టు అద్దంలో బొమ్మలా నిలబడిందని, చూడ్డానికి వచ్చినవాళ్ళ ముఖాలే వాళ్ళకి టీవీల్లో చూపించిందని. తడి వలలో స్పీకర్లు కట్టి బజారంతా ఈడ్చుకెళ్ళిందని. ఆ పనులతోనే దేశదేశాల్లో మన్నన పొందిందని. సంతోషం. మా బడి వార్షికోత్సవంలో ఒక పిల్ల చెట్టు వేషం వేసి గంటసేపు కదలకుండా నిలబడింది. దానికి మేము పెన్ను ఇచ్చాం.

ఇక అసలు సంగతి. ఈ నెలాఖరులో ఆవిడ వస్తే మేడమీద గది ఇవ్వమన్నావు. ఇస్తాను. గదికి అద్దె వద్దు, నీ జీతం ఆవిడ చేతిలో ఉంది కనక. కానీ పని మెట్టగుడలో అన్నావు. అది గిరిజనుల ఊరు, కొత్తవాళ్ళు ఊరికే వెళ్ళలేరు. ఎవరో ముందు వెళ్ళి "ఈవిడ మా మనిషి, నాదీ పూచీ" అని చెప్పాలి. ఆ చెప్పేది నేనే అవుతాను. చెప్పేది దేముడమ్మకి. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళంతా దాని మాట మీద నడుస్తారు. వ్యాపారానికి కొండెక్కిన కుటుంబం మాది. మాలాంటివాళ్ళ మాట ఆ ఊళ్ళో చెల్లడమే అపురూపం. నాది చెల్లుతోంది. అది చెడిపోకుండా చూసుకోవాలి.

అందుకని సూటిగా అడుగుతున్నాను. ఇంత భూమండలం ఉండగా మెట్టగుడ ఎందుకు? ఆవిడ అక్కడ ఏం చేస్తుంది? ఖర్చు ఎవరిది?

కింద జిరాక్స్ కొట్టు రవిబాబు దీన్ని ఫోటో తీసి నీకు పంపుతాడు, నీ జవాబు ప్రింటు తీసి ఇస్తాడు. మధ్యలో చదువుతాడు కూడా. రవిబాబూ, రెండో పేరా దగ్గర నవ్వకు, నాకు మెట్ల మీదకి వినిపిస్తుంది.

ప్రశ్నలు తగ్గించుకోని
మీ అమ్మమ్మ


షెఫీల్డ్,
7 మార్చి 2025

అమ్మమ్మా,

ముందుగా రవిబాబు అన్నయ్యకి నమస్కారం, ఎలాగూ మొదట చదివేది ఆయనే.

ఇమోజెన్ హార్‌క్రాఫ్ట్ దొరసాని కాదు. గనికార్మికుడి కూతురు. యాభై ఎనిమిదేళ్ళావిడ. ఒకప్పుడు ఆమె ప్రదర్శన అంటే జనం వానలో వరసకట్టేవాళ్ళు. ఇప్పుడు గ్యాలరీలవాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. పదేళ్ళుగా పెద్ద పని ఏదీ రాలేదు. స్టూడియోలో ఒకప్పుడు తొమ్మిదిమంది ఉండేవాళ్ళట, ఇప్పుడు నేనూ, లెక్కలు చూసే ఒకాయనా. ఈ ప్రదర్శన నిలబడితే ఆమె నిలబడుతుంది. ఆమె నిలబడితే నా వీసా నిలబడుతుంది. దాచడం దేనికి, నాకిది అంత అవసరం.

పని ఇది. కొండ చప్పుడు వినిపించాలి. నేలలో గుచ్చే మైకులు ఉంటాయి. వాటితో మట్టి లోపల నీరు కదలడం, వేర్లు, చీమలు, పైన నడిచే అడుగులు అన్నీ రికార్డు చేస్తుంది. కొంచెం కొంచెం మట్టి తెచ్చి ఇక్కడ హాలంతా పరుస్తుంది. దాని కింద తను పడుకుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి ఆ మట్టి మీద నడుస్తూ కొండని వింటారు. మెట్టగుడ ఎందుకంటే, నేను ఆమెకి చెప్పిన మొదటి కథ మెట్టగుడదే కనక. చిన్నప్పుడు నన్ను నువ్వు దేముడమ్మ అత్త ఇంట్లో దింపి బడికి వెళ్ళేదానివి. నేను నేలకి చెవి ఆనించి పడుకునేదాన్ని. ఆ సంగతి చెబితే ఆమె ఏడ్చింది.

ఖర్చు ఒక ట్రస్టు పెట్టుకుంటోంది. కళలకి సాయం చేసేవాళ్ళు. అంతే.

రెండు మాటలు బతిమాలుతున్నాను. ఒకటి, ఆమెని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి అడిగినట్టు అడగకు. రెండు, మైకులూ మట్టీ సంగతి ముందుగా ఊళ్ళో చెప్పకు. ముందే తెలిస్తే జనం వేరేగా నడుస్తారట, మామూలుగా నడవరట. తరవాత ఆమే అందరికీ వినిపించి చెబుతుంది.

అమ్మ విశాఖ నుంచి నీకు ఫోన్ చేసి ఇదే చెబుతుంది, నేనే చెప్పమన్నాను. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది ఉంచు.

నీ నీలు


హుకుంపేట,
4 ఏప్రిల్ 2025

నీలూ,

మీ ఇమోజెన్ వచ్చి వారం దాటింది. మెట్టగుడ ఆడవాళ్ళు ఆ పేరు రెండు రోజులు నమిలి, మూడో రోజుకి మోజమ్మ చేశారు. పిలిస్తే పలుకుతోంది.

మనిషి బాగానే ఉంది. నేను పెట్టింది తింటోంది. మన కాఫీ తాగి కళ్ళు మూసుకుంటుంది. తెల్లారి లేచి మధ్యాహ్నం దాకా మాట్లాడదు, అది పనిలో భాగమట. నాకు అర్థంకానిది అడిగినప్పుడల్లా మధ్యాహ్నం కాలేదంటుంది. అంటే, సైగ చేస్తుంది. పన్నెండు దాటాక అడిగితే నవ్వుతుంది. ఇంత అనువైన మౌనవ్రతం నేనెక్కడా చూడలేదు.

నీ మాట నమ్మి కామేష్ జీపులో నేనే వెంటబెట్టుకుని మెట్టగుడ తీసుకెళ్ళాను. దేముడమ్మ చేతిలో ఆవిడ చెయ్యి పెట్టి, "మా నీలు దగ్గర్నించి వచ్చింది, పాటలూ చప్పుళ్ళూ వింటుంది, నాదీ పూచీ" అన్నాను. మట్టి సంగతి అనలేదు. నువ్వు వద్దన్నావు. నోట్లో రాయి పెట్టుకున్నట్టు అయింది.

దేముడమ్మ ఒకటే అడిగింది. "ఇనడానికి అంత దూరంనుంచి రావాలేటి టీచరమ్మా? ఆళ్ళ దేశంలో సప్పుళ్ళు లేవా?"

ఉన్నాయిగానీ ఇంత బాగుండవు అని చెప్పాను. అది నావైపు చూసిన చూపు, చిన్నప్పుడు నేను కూడిక తప్పు చేస్తే చూసిన చూపే.

ఇప్పుడు నేను చూసింది రాస్తాను. రోజూ గది తుడిచే వంకతో పైకి వెళుతున్నాను. బల్ల కింద ఇనుప మేకులు, వాటికి తీగలు. సరే, మైకులు అన్నావు. వాటి పక్కన ఒక తగరపు పెట్టె. అందులో బిగువు మూతల గాజు సీసాలు. సీసాసీసాకీ ఒక అంకె. గోడకి మెట్టగుడ కొండ బొమ్మ, దానిమీద అవే అంకెలు. ఎర్రమట్టి ఒక సీసాలో, పసుపు కలిసిన ఎర్ర ఇంకోదాంట్లో, గవ్వల్లాంటి రాళ్ళున్నది మరోదాంట్లో. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. అంత చక్కగా రాసేవాళ్ళు మీ స్టూడియోలో ఎవరో.

నువ్వు పరదేశం వెళ్ళి మరిచిపోయావేమో గుర్తుచేస్తాను. ఈ కొండల్లో జనం పులికి భయపడరు. అంకె వేసిన మట్టికి భయపడతారు. ముందు ఎవడో ఒకడు మేకు గుచ్చుతాడు. తరవాత మట్టి సీసాలో పోసి అంకె వేస్తాడు. ఆ తరవాత బాక్సైట్ అనే మాట కాగితం మీదకి వస్తుంది. ఆ మాట వచ్చాక ఊరు ఖాళీ చెయ్యమనే మాట రావడానికి ఎక్కువ కాలం పట్టదని వాళ్ళ లెక్క. దానిమీద ఎన్ని ఊరేగింపులు తీశారో, ఎంతమంది రోడ్ల మీద కూర్చున్నారో నువ్వూ చూశావు, నా భుజం మీద ఎక్కి.

హాల్లో పరచడానికైతే గోనెసంచిలో తీసుకెళ్ళాలి. చెంచాడు చెంచాడు చొప్పున సీసాల్లో ఎందుకు? పరిచే మట్టికి అంకె ఎందుకు? మొదటి పెట్టె అప్పుడే కొరియర్లో వెళ్ళిపోయిందని కామేష్ చెప్పాడు. దాంట్లో ఏముందో చెప్పు. ఆ ట్రస్టు పేరేమిటో చెప్పు.

నీ జవాబు వచ్చేదాకా ఆవిడకి ఇడ్లీ పెడతాను. నమ్మకం మాత్రం పెట్టను.

అమ్మమ్మ

తా.క. గదిలో ఈసారి నా పాత ట్రంకు పెట్టెకి కూడా ఒక మేకు తగిలించి ఉంది. అది ఏ కొండ చప్పుడో కనుక్కో.


షెఫీల్డ్,
8 ఏప్రిల్ 2025

అమ్మమ్మా,

నువ్వు గ్యాస్ పొయ్యిని అనుమానించావు. నా డ్రాయింగు మాస్టారిని అనుమానించావు. రవిబాబు అన్నయ్య మొదటి జిరాక్స్ మిషను తెచ్చినప్పుడు అది ఒక కాపీ తనకోసం దాచుకుంటుందేమో అన్నావు. ఇప్పుడు ఇమోజెన్ వంతు.

ఆమె నాకు ఏం రాసిందో తెలుసా? "మీ అమ్మమ్మకి నేనంటే ఎంత ఇష్టమో, రోజూ తనే వచ్చి నా గది సర్దుతుంది, ప్రతి వస్తువూ చేత్తో తాకి చూస్తుంది" అని. చదివి సిగ్గుతో చచ్చిపోయాను. ట్రంకు పెట్టెకి మైకు పెట్టింది నిన్ను దొంగచాటుగా వినడానికి కాదు. ఇనుము రాత్రి చల్లబడి మూలిగే చప్పుడు ఆమెకి నచ్చింది. అంతే.

ఇంకొకటి. తను వెళ్ళగానే మెట్టగుడలో ఆడవాళ్ళు పాట ఆపేస్తున్నారట. కళ్ళు మూసుకుని వినడం మొదలెట్టగానే ఆపేస్తున్నారట. నువ్వు దేముడమ్మ అత్తకి ఏదో చెప్పావు. చెప్పొద్దని నేను బతిమాలాక కూడా చెప్పావు. నిజం చెప్పు.

సీసాలు రంగుల కోసం. ఒక్కొక్క చోటి మట్టి ఒక్కొక్క రంగు, ఏది ఎక్కడిదో తెలియాలంటే అంకె ఉండాలి కదా. కాస్త మట్టిని పరీక్ష చేయించి అందులో ఏమేమి ఉన్నాయో గోడమీద వెలుగులో చూపిస్తాం. చాలా అందంగా ఉంటుంది. గోనెసంచుల మట్టి తరవాత. ట్రస్టు ఒక కుటుంబానిది. వాళ్ళ పేరు నీకు చెప్పినా నీకేం తెలుస్తుంది?

ఇది చెడితే స్టూడియో మూసేస్తారు. నేను పెట్టె సర్దుకోవాలి. నీ అనుమానానికి ఆ ఖరీదు ఉందని ఒకసారి ఆలోచించు.

నీలు


హుకుంపేట,
17 ఏప్రిల్ 2025

నీలవేణీ,

దేముడమ్మకి నేనేమీ చెప్పలేదు. అదీ ఇప్పుడు నా ఇబ్బంది. పాట ఎందుకు ఆపారో పోయిన వారం దాన్నే అడిగాను. "మేం పాడితే మోజమ్మ కళ్ళు మూసేత్తాది టీచరమ్మా. పాపం, నిద్దరొత్తందేమోనని ఆపేత్తన్నాం" అంది. అంతకుమించి కుట్ర లేదు.

ఇక మొన్న జరిగింది చెబుతాను. నెమ్మదిగా చదువు.

ఇటికల పండుగ, అదే వాళ్ళ చైత్రమాసపు వేట పండుగ, నడుస్తోంది. మగవాళ్ళు కొండెక్కారు. ఇప్పుడు వేటలో దొరికేదేమీ లేదనుకో, అయినా ఎక్కాలి. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పడేసి వచ్చేపోయే బండ్లని ఆపి పజోరు డబ్బులు అడుగుతున్నారు. నీకు గుర్తుందా, మీ తాతగారి స్కూటరుని ఆపి, ఆయన్ని పంచెకట్టుతో థింసా ఆడించారు. పక్కన పేడనీళ్ళ బిందెలు ఉంటాయి. కొండ మీద నుంచి వట్టి చేతుల్తో దిగినవాడికి ఆ స్నానం తప్పదు. ఏదైనా తెచ్చినవాడు అందరి ముందూ విప్పి చూపించాలి, పంచాలి. చూపించకుండా ఇంటికి పట్టుకుపోవడానికి లేదు.

మోజమ్మ ఆ పొద్దున్న కొండమీదే ఉంది. నేను పండుగకని దేముడమ్మ ఇంటికి వెళ్ళాను. కామేష్ జీపు దిగుతుంటే దుంగ దగ్గర ఆపారు. ఈవిడ దిగి పజోరు ఇచ్చింది. ఆడమన్నారు, ఆడింది. చేతులు వెనకనుంచి ఎలా పట్టుకోవాలో చూపిస్తే ఇట్టే పట్టేసింది. ఆ కాసేపూ నాక్కూడా ముచ్చటేసింది, ఆ సంగతి దాచను. అడుగు తప్పలేదు. ఇంతకాలం ఇదే పని చేసిన మనిషి కదా.

చిట్టెమ్మ, అదే దేముడమ్మ కోడలు, బిందె ఎత్తి నవ్వుతూ అడిగింది. "కొండమీంచి ఏటి తెచ్చినావు మోజమ్మా? ఏటీ నేదా? పొయ్యమంటావా?"

కామేష్ ఇంగ్లీషులో చెప్పాడు. వేటలో దొరికింది చూపించాలి, లేకపోతే పేడ పోస్తారు అని.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. తనని వాళ్ళలో కలుపుకున్నారని. పరిగెత్తి జీపులోంచి తగరపు పెట్టె తెచ్చి, దుంగ మీద పెట్టి, మూత తీసింది. ఒక్కొక్క సీసా ఎత్తి ఎండలో తిప్పి చూపించింది. ఎర్రది. పసుపుది. రాళ్ళది. ఏ పక్క వాలుదో చేత్తో చూపిస్తూ, అంకె చదువుతూ.

పేడ పోసి ఉంటే బాగుండేది నీలూ. పొయ్యలేదు. చిట్టెమ్మ బిందె కిందపెట్టింది. మిగతా ఆడవాళ్ళూ పెట్టేశారు. డప్పు ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

దేముడమ్మ ఒక సీసా తీసుకుని మూత తిప్పి వాసన చూసింది. నా దగ్గరికి తెచ్చింది.

"ఇదేటి టీచరమ్మా?"

"రంగుల కోసమట" అన్నాను.

"మట్టికి నంబరేటికి?"

ఆ ప్రశ్న నేను నిన్ను అడిగిందే. జవాబుకూడా నువ్వు రాసిందే చెప్పాను. నా నోట్లో అది నీ ఉత్తరంలో ఉన్నంత అందంగా లేదు.

"సప్పుళ్ళు ఇంటాదన్నావు. నీదీ పూచీ అన్నావు. ఇనడానికొచ్చిన మనిషి సీసాలు పట్టుకొచ్చిందని నీకు తెలుసా, తెల్దా?"

తెలుసన్నాను. ఇంకేం చెప్పను? అది నన్ను తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టేదాన్ని, మా ఇద్దరికీ అలవాటే. "మరి సెప్పలేదేటి?" అని మాత్రం అంది. సీసాలూ మేకులూ తీసుకుని తన ఇంట్లో పెట్టింది. మోజమ్మని ఎవరూ ఏమీ అనలేదు, దుంగ తీసి జీపుకి దారి ఇచ్చారు. వచ్చేటప్పుడు దేముడమ్మ కారం పెట్టిన మామిడిముక్క కూడా ఇచ్చింది, ఏటా ఇచ్చినట్టే. కానీ చేతికి ఇవ్వలేదు. జీపులో పెట్టింది.

"పండగ దాటేలోగా ఆ మట్టి ఎవరికెళ్తాదో సెప్పు. ఆవిడ సెప్పింది కాదు. నువ్వు సెప్పు" అంది.

నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. నువ్వు చెప్పగలవు. ఆవిడని అడగకు. ఆవిడ నవ్వుతుంది, నాకు తెలుసు. నువ్వే వెళ్ళి, నువ్వే చూసి, ఆ ట్రస్టు ఎవరిది, ఆ పరీక్ష చేసేది ఎవరు, ఈ రెండే రాయి. నీ వీసా ఖరీదు గురించి ఆలోచించమన్నావు. ఆలోచించాను. అయినా అడుగుతున్నాను.

అమ్మమ్మ


షెఫీల్డ్,
19 ఏప్రిల్ 2025

రవిబాబు అన్నయ్యా, ఇది చదవకుండా మడిచి అమ్మమ్మకి ఇవ్వు. ఈ ఒక్కటీ.

అమ్మమ్మా,

చూశాను.

ట్రస్టు పెట్టిన కుటుంబానికి ఒక లోహాల కంపెనీ ఉంది. మూడు దేశాల్లో బాక్సైట్ తవ్వుతారు. మన దేశంలో ఇంకా లేరు. వాళ్ళ పేరు ప్రదర్శన పుస్తకంలో చివరి పేజీలో కృతజ్ఞతల కింద ఉంది, చిన్న అక్షరాల్లో. నేనే ఆ పేజీ ప్రూఫు చూశాను. పేరు చూశాను గానీ అది ఏమిటో వెతకలేదు.

మట్టి పరీక్ష డబ్బు తీసుకోకుండా చేస్తామన్న ప్రయోగశాల ఆ కంపెనీదే. ఫలితాలు మాకు ఇస్తారు. ఒక కాపీ వాళ్ళ దగ్గర ఉంచుకుంటారు. ఒప్పందంలో ఉంది. ప్రతి సీసా ఎక్కడిదో మ్యాపుతో సహా ఇవ్వాలని కూడా ఉంది. కస్టమ్స్ కాగితంలో మేము కళాసామగ్రి అని రాశాం. మొదటి పెట్టె ఇక్కడ నా బల్ల మీద ఉంది. మంగళవారం ప్రయోగశాల మనిషి వచ్చి తీసుకెళతాడు.

ఇమోజెన్‌కి ఫోన్ చేశాను. తెలీదు అనలేదు. అడగలేదు అంది. "నేను ప్రతి డబ్బూ ఎక్కడిదని అడిగి ఉంటే ఇన్నేళ్ళలో ఒక్క పనీ చేసి ఉండేదాన్ని కాదు" అంది. తరవాత చాలాసేపు ఊరుకుంది. మధ్యాహ్నం దాటాకే.

నువ్వు అడగని సంగతి ఒకటి. సీసాల మీద అంకెలు ఇక్కడే వేసి పంపింది నేను. మ్యాపు గీసింది నేను. ఏ వాలులో మట్టి ఏ రంగో నాకు తెలుసు కనక, ఎక్కడెక్కడ తియ్యాలో చెప్పింది కూడా నేనే. ఆవిడకి మెట్టగుడ పేరే తెలీదు. నేను చెప్పాను. చప్పుళ్ళే అనుకున్నాను, అందమే అనుకున్నాను. నావల్లే నీ మాట పోయింది.

దేముడమ్మ అత్తకి ఏం చెబుతావు? అంకెల సంగతి చెప్పకుండా ఉండగలవా? పెట్టె నేను ఇవ్వకపోతే ఉద్యోగం ఉండదేమో. ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఏం చెయ్యమంటావు?

నీలు


హుకుంపేట,
20 ఏప్రిల్ 2025

నీలూ,

నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. "నావల్లే నీ మాట పోయింది" అని రాశావు. నా మాట నువ్వు పోగొట్టేంత అలుసైనది కాదు. మట్టి సంగతి తెలిసీ నోరు మూసుకున్నది నేను. పోతే నావల్లే పోతుంది.

రవిబాబు ఈసారి చదవలేదు. ఒట్టు పెట్టాడు. ముఖం చూస్తే నిజమేననిపించింది, చదవనందుకు వాడికి ఒంట్లో బాగాలేనట్టుంది. కాబట్టి నీ అంకెల సంగతి దాచాలంటే దాచవచ్చు. అయినా అవి నాకు కొత్త కాదు. గది తుడిచిన మొదటి రోజే పోల్చాను. నాలుగుని తల విప్పి రాయడం, ఏడుకి నడుం మీద గీత పెట్టడం నీకు నేర్పింది ఎవరనుకున్నావు? నువ్వే చెబుతావేమోనని చూశాను. ఆలస్యంగా చెప్పావు. చెప్పావు.

ఈ పొద్దున్నే మెట్టగుడ వెళ్ళి, దుంగ దగ్గర అందరి ముందూ మొత్తం చదివాను. కంపెనీ, ప్రయోగశాల, మ్యాపు, నువ్వు. మోజమ్మని కూడా వెంట తీసుకెళ్ళాను. కామేష్ ఆవిడకి చెవిలో చెబుతూ వచ్చాడు.

దేముడమ్మ విని చాలాసేపు తల ఊపింది. "నీలు గుంట సిన్నప్పుడూ ఇంతే. ఏది సేసినా నీటుగా సేత్తాది" అంది. అది మెచ్చుకోలు కాదు. నవ్వు కూడా కాదు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. తరవాత నాతో, "నిజిం సెప్పినావు, ఆలీసంగా సెప్పినావు. రెండూ గుర్తెట్టుకుంటాను" అంది. నాకు దక్కింది అది. న్యాయమే.

సీసాలు బయటికి తెచ్చారు. మోజమ్మ కెమెరా స్టాండు కాళ్ళు తెరిచింది. దేముడమ్మ ఊరికే చూసింది. ఆవిడే మళ్ళీ మడిచి జీపులో పెట్టేసింది. తరవాత పెట్టె భుజాన వేసుకుని కొండెక్కింది. ఏ సీసా ఏ వాలుదో ఆ వాలులోనే ఒంపింది. చెప్పుల్లేకుండా. ఎవరూ సాయం పట్టలేదు, ఎవరూ ఆపలేదు. ఆడవాళ్ళు వెనకాల నడిచారు, బిందెలతో. నేను సగం దాకా వెళ్ళి రాయి మీద కూర్చున్నాను. నా మోకాళ్ళు కళాభిమానులు కావు.

దిగేసరికి ఆవిడ చేతులు ఖాళీ. దుంగ దగ్గర చిట్టెమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. "కొండమీంచి ఏటి తెచ్చినావు మోజమ్మా?" ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. అప్పుడు పోశారు. ఒక్క బిందె కాదు, అన్నీ. డప్పు మొదలైంది. నవ్విందో ఏడ్చిందో పేడ మధ్య నాకు కనిపించలేదు. కనిపించినా ఏది ఉద్యోగమో ఏది మనసో చెప్పడం నావల్ల కాదు. ఇదే రేపు మీ దేశంలో ఏ హాల్లోనో ప్రదర్శనగా వేస్తుందేమో. వెయ్యదని నేను పూచీ పడను. ఈ జన్మకి ఇక ఎవరికీ పడను. ఇంటికి వచ్చాక నా ట్రంకు పెట్టె, మంచం కోళ్ళు, పోపుల డబ్బా అన్నీ తడిమి చూశాను. తీగలేమీ లేవు.

నీ ఉద్యోగం సంగతి. పెట్టె ఇవ్వకపోయినా నిన్ను పంపించనని మోజమ్మ నాతో చెప్పింది. ఆ ట్రస్టుకి తనే రాస్తానంది. నేను నమ్మలేదు. నువ్వు సగం నమ్ము, మిగతా సగం కాగితం మీద రాయించుకో. పోతే పోనీ అని నేను రాయను. అది పోతే నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. దాన్ని తేలిగ్గా రాసే హక్కు నాకు లేదు.

వచ్చేటప్పుడు దేముడమ్మ ఒక్కటే అడిగింది. "మరి ఆ దేశంలో ఉన్న పెట్టె?" మంగళవారంలోగా చెబుతానన్నాను. కాబట్టి ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను.

సీసాల మీది కాగితాలు వేడినీళ్ళలో నానబెట్టి ఊడదియ్యి, చించెయ్యి. కంప్యూటర్లో మ్యాపు చెరిపెయ్యి. సీసాలన్నీ ఒకే బకెట్టులో ఒంపు. పొడిగా వదిలెయ్యకు, నీళ్ళు చిలకరించి, చెయ్యి పెట్టి అడుగుదాకా కలుపు. ఎర్రది, పసుపుది, రాళ్ళది ఏది ఎక్కడిదో నీకు కూడా తెలియకుండా పోవాలి. నీకు తెలిసినంతకాలం వాళ్ళకి తెలిసినట్టే. మోచేతులదాకా అంటుకుంటుంది, అంటుకోనీ. తరవాత దాన్ని కిటికీలో ఎండ తగిలేచోట పెట్టి ధనియాలు చల్లు. ఊరికే చల్లితే మొలవవు, చేత్తో నలిపి రెండు బద్దలు చెయ్యి. ఖాళీ సీసాలు పారెయ్యకు, మూతలు బిగువుగా ఉన్నాయి. ఊరగాయకి పనికొస్తాయి, వచ్చేటప్పుడు తీసుకురా.

కలిపాక బకెట్టు ఫోటో ఒకటి, నీ చేతులు కనిపించేలా తీసి, రవిబాబుకి పంపు. దేముడమ్మకి చూపించాలి. నిన్ను నమ్మక కాదు అని రాయబోయాను. నమ్మకే. సోమవారం సాయంత్రం కొట్టు మూసేలోగా పంపు.

అమ్మమ్మ